వేపాకు కషాయంతో వెండి నానోకణాలు: తయారీ, కడుగుడు, యాంటీఆక్సిడెంట్, యాంటీమైక్రోబియల్ పరీక్షలు

వేపాకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి వేడి చేస్తే గంటలోపే గోధుమ రంగు వస్తుంది. అంతవరకు ఎవరైనా చేయగలరు. పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు 2004లోనే వేపాకుతో వెండి, బంగారు నానోకణాలు చేసి ప్రచురించారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. బ్యాక్టీరియాను చంపింది నానోకణాలా, కడగక మిగిలిపోయిన వెండి అయాన్లా, ఉత్త కషాయమా? యాంటీఆక్సిడెంట్ పరీక్షలో వాడే డీపీపీహెచ్ అనే రాడికల్ రంగును పోగొట్టింది వెండా, దాని చుట్టూ అంటుకున్న ఫినాలిక్ పదార్థాలా? వీటికి జవాబు లేని ప్రాజెక్టు రిపోర్టులో ఎన్ని గ్రాఫులున్నా ఎగ్జామినర్ వేసే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. అందుకే ఇక్కడ కడగడానికీ, పోల్చి చూసుకునే కంట్రోళ్లకూ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇది ఎమ్మెస్సీ, బీఫార్మసీ స్థాయి ల్యాబులో చేసే పని. తయారైన ద్రావణాన్ని తాగకూడదు, పుండ్ల మీద రాయకూడదు. వెండి ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటే చర్మం నీలిబూడిద రంగుకు తిరిగి, ఇక అలాగే ఉండిపోతుంది.

ముందు నీళ్ల సంగతి

ఈ ప్రయోగానికి పెద్ద శత్రువు క్లోరైడ్. వెండి అయాన్ క్లోరైడ్‌ను చూసిందంటే తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా విరిగిపోతుంది. కుళాయి నీళ్లు పనికిరావు. ల్యాబు మూలన ఉండే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు కూడా పనికిరావు, ఎందుకంటే ఆర్‌వో చేసినంత మాత్రాన అవి డిస్టిల్డ్ వాటర్ అయిపోవు. డబుల్ డిస్టిల్డ్ గానీ మిల్లీక్యూ యంత్రపు అతిశుద్ధ నీళ్లు గానీ వాడండి. నమ్మకం లేకపోతే పరీక్ష సులువే: 5 మి.లీ. నీళ్లలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి నల్ల కాగితం ముందు పెట్టి చూడండి. కాస్త పాలతేలినా ఆ నీళ్లు వద్దు.

గాజు సామాను పలచటి నైట్రిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలచండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని గానీ, అది కలిసే ఆక్వారీజియాను గానీ ఇక్కడ వాడకండి. గోడకు పట్టిన వెండి క్లోరైడ్ పొరగా మారి మరింత మొండికేస్తుంది.

ఆకు, కషాయం

వేప అనుకుని తురకవేప ఆకు కోసుకొచ్చేవాళ్లు ఉంటారు. వేపలో ఒకే ఈనెకు అటూ ఇటూ రంపపు పళ్ల అంచున్న చిట్టి ఆకులుంటాయి. ఒక్కో ఆకు మొదలు ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క ఇరుకుగా ఉండి కొడవలిలా వంగుతుంది. తురకవేపలో ఈనెకు మళ్లీ ఈనెలు చీలి, వాటికి ఆకులుంటాయి. ఏదైనా సరే, బాటనీ విభాగంలో గుర్తింపు చేయించి హెర్బేరియం షీట్ (దాచిపెట్టే ఎండు మొక్క నమూనా) నంబరు తీసుకోండి.

ఉగాది ముందు వచ్చే ఎర్రటి లేత చిగురు, వర్షాకాలపు ముదురు ఆకు ఒకే కషాయం ఇవ్వవు. ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఆకును ఒకేసారి, ఒకే చెట్టు నుంచి కోసి, 100 గ్రా. పొడి ఒక్కసారే సిద్ధం చేసుకుంటే, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ పోలిక లేదన్న బాధ సగం తప్పుతుంది.

1. ఆకును కుళాయి నీళ్లతో దుమ్ము పోయేలా కడిగి, చివర రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి.
2. వారం పది రోజులు నీడలో ఆరబెట్టండి. నలిపితే గలగలలాడుతూ పొడవ్వాలి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది గానీ పాలీఫినాల్స్ దెబ్బతింటాయి.
3. మిక్సీ పట్టి, జల్లించి, సిలికా జెల్ సంచితో గాలి చొరని సీసాలో పెట్టండి.
4. 10 గ్రా. పొడిని 100 మి.లీ. నీళ్లలో వేసి, 70 డిగ్రీల సెల్సియస్ వాటర్ బాత్‌లో 30 నిమిషాలు ఉంచండి. కళపెళ మరిగించకండి.
5. చల్లారాక ముందు మస్లిన్ గుడ్డతో, తర్వాత వాట్‌మన్ నం.1 కాగితంతో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పి పైతేట (పైన నిలిచిన తేట ద్రవం) తీసుకోండి.

ఐదో మెట్టును చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే కషాయంలోని సన్నటి నలుసు తర్వాత నానోకణాలతో కలిసి అడుగుకు దిగుతుంది, కడిగినా పోదు. కషాయం ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులకు మించి ఉంచకండి. మసకబారినా, వాసన మారినా పారబోసి కొత్తది కాచుకోండి.

దీనిలో 10 మి.లీ. తీసి, ముందే తూచిన గిన్నెలో ఆవిరి చేసి ఎండు బరువు చూసి పెట్టుకోండి. తర్వాత కంట్రోల్‌కు కషాయం మోతాదు లెక్కకట్టేది ఈ అంకెతోనే.

ఎంత వెండి చేతికొస్తుందో ముందే లెక్క వేసుకోండి

సిల్వర్ నైట్రేట్ అణుభారం 169.87. ఒక మిల్లీమోలార్ ద్రావణం అంటే లీటరుకు 0.170 గ్రా. 100 మి.లీ.కే చేస్తే అది 0.017 గ్రా., ఇంత తక్కువ తూచడంలో పొరపాటుకు అవకాశం ఉంది కాబట్టి, 0.170 గ్రాములను 100 మి.లీ.లో కరిగించి 10 మిల్లీమోలార్ స్టాక్ చేసుకుని, పదింతలు పలుచన చేయండి. అంబర్ సీసాలో, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెట్టండి. చేతికి తగిలితే నల్లమచ్చ పడి వారం దాకా పోదు, గ్లవ్స్ తప్పనిసరి.

ఇప్పుడు లెక్క. 90 మి.లీ. ఒక మిల్లీమోలార్ ద్రావణంలో ఉన్న వెండి మొత్తం 9.7 మి.గ్రా. ఒక్క అయాన్ కూడా వృథా కాకపోయినా అంతకు మించి రాదు. దీంతో ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) పొడి, ఎఫ్‌టీఐఆర్‌కు (పరారుణ కాంతితో రసాయన బంధాలను చూసే పరీక్ష) పొడి, డీపీపీహెచ్, ఎంఐసీ (బ్యాక్టీరియా ఎదుగుదలను ఆపే కనిష్ఠ గాఢత) అన్నీ చేయాలనుకుంటే మధ్యలోనే అయిపోతుంది. అలాగే, 90 మి.లీ. నుంచి 50 మి.గ్రా. పొడి వచ్చిందని సంబరపడితే, అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆకు పదార్థమే అని అర్థం. కాబట్టి ఒక బ్యాచ్ కనీసం 500 మి.లీ. పెట్టండి: 450 మి.లీ. సిల్వర్ నైట్రేట్, 50 మి.లీ. కషాయం. గరిష్ఠంగా 48.5 మి.గ్రా. వెండి.

కలిపే పద్ధతి

వేపాకు కషాయం సాధారణంగా కొంచెం ఆమ్లంగా ఉంటుంది. ఆమ్లంలో చర్య నెమ్మదిగా సాగి కణాలు పెద్దవవుతాయి. పీహెచ్ 8 దగ్గర వేగంగా, చిన్నవిగా వస్తాయి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కషాయంలో వేసి సరిచేయండి, సిల్వర్ నైట్రేట్‌లో కాదు. వెండి ద్రావణంలో క్షారం పడితే అక్కడికక్కడే ముదురు గోధుమ సిల్వర్ ఆక్సైడ్ విరుగుతుంది, అది చూసి నానోకణాలు వచ్చాయనుకుంటారు. పీహెచ్ ఎక్కువైతే తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ వద్దు, నైట్రిక్ వాడండి.

పీహెచ్ మీటరుతో ఒక చిక్కుంది. దాని ఎలక్ట్రోడ్‌లో ఉండేది పొటాషియం క్లోరైడ్, అది సన్నగా బయటికి కారుతూనే ఉంటుంది. వెండి ద్రావణంలో ఎలక్ట్రోడ్ ముంచితే అక్కడే తెల్లటి మసక వస్తుంది, ఎలక్ట్రోడ్ మూతి కూడా పూడుకుపోతుంది. వెండి కలిపాక పీహెచ్ చూడాల్సి వస్తే కాగితంతో చూడండి.

450 మి.లీ. ద్రావణాన్ని 60 డిగ్రీలకు తెచ్చి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పుతూ, 50 మి.లీ. కషాయాన్ని పది నిమిషాల్లో సన్నధారగా పోయండి. ఫ్లాస్కుకు ఫాయిల్ చుట్టండి, ఎందుకంటే వెలుతురు తనంతట తానే వెండిని క్షయకరణం చేస్తుంది, ఆ ఘనత కషాయానికి పోతుంది. పక్కనే రెండు చిన్న ఫ్లాస్కులు, ఇదే వేడిలో, ఇదే చీకట్లో నడవాలి: 45 మి.లీ. సిల్వర్ నైట్రేట్ + 5 మి.లీ. నీళ్లు, 45 మి.లీ. నీళ్లు + 5 మి.లీ. కషాయం. వేడికీ క్షారానికీ కషాయం తనంతట తానే నల్లబడుతుంది. ఈ రెండో ఫ్లాస్కు లేకపోతే మీరు చూసిన గోధుమ రంగుకు విలువ లేదు.

రంగు లేత పసుపు నుంచి తేనె రంగుకు, అక్కడి నుంచి ముదురు గోధుమకు మారాలి. పోసిన వెంటనే తెల్లగా పాలలా మారితే కషాయంలోనే క్లోరైడ్ ఎక్కువుందని. ఇది కొన్ని నేలల్లో పెరిగిన ఆకుతో వస్తుంది. కషాయాన్ని సగానికి తగ్గించి చూడండి, అయినా తగ్గకపోతే వేరే చోటి ఆకు తెచ్చుకోవడమే మేలు. బూడిద రంగు తిరిగి అడుగున నల్లటి రవ్వ పడితే కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

10, 30, 60, 120 నిమిషాలకు 1 మి.లీ. తీసి, పదింతలు పలుచన చేసి, యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 300 నుంచి 700 నానోమీటర్ల దాకా స్కాన్ చేయండి. అంతే పలుచన చేసిన కషాయం బ్లాంక్‌గా (కొలతలోంచి తీసేసే పోలికగా) ఉండాలి. 400 నుంచి 450 మధ్య ఒక శిఖరం లేచి, వరుసగా రెండు రీడింగుల్లో పెరగకుండా నిలిస్తే చర్య ముగిసినట్టు. పలుచన చేయకుండా అబ్జార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే కొలత) 3 దాటిన చోట శిఖరం పైభాగం చదునుగా కోసినట్టు వస్తుంది, దాని స్థానం నమ్మలేం. 500 దాటి ఇంకో బుడిపె ఉంటే కణాలు గుంపు కడుతున్నాయి.

కడగడం

చర్య ముగిసిన ద్రావణంలో మూడు రకాల సరుకు కలిసి ఉంటుంది: కణాలు, వాటికి అంటుకోని కషాయ పదార్థాలు, చర్యలో పాల్గొనని వెండి అయాన్లు. చివరి రెండూ పోకపోతే, తర్వాత ప్లేటు మీద వచ్చే జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) దేనిదో చెప్పలేరు.

12,000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు, 4 డిగ్రీల సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. రోటర్ వ్యాసార్థం 8 సెం.మీ. అయితే ఇది దాదాపు 12,900 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలం). రిపోర్టులో ఆర్‌పీఎం మాత్రమే రాస్తే ఇంకో ల్యాబుకు అది ఉపయోగపడదు, జీ విలువ రాయండి. మామూలు 50 మి.లీ. కోనికల్ ట్యూబులు ఈ వేగానికి పగలొచ్చు, ట్యూబు మీద రాసిన పరిమితి చూసుకోండి. పైతేట వంపేసి, అడుగు ముద్దలో నీళ్లు పోసి, బాత్ సోనికేటర్‌లో 5 నిమిషాలు ఉంచి మళ్లీ తిప్పండి. ఇలా మూడుసార్లు.

మూడుసార్లు అన్నది అలవాటు మాటే, పరీక్ష వేరు. ప్రతిసారీ వచ్చిన పైతేటలో 1 మి.లీ. తీసి, ఒక చుక్క ఉప్పునీళ్లు వేయండి. మొదటి పైతేట పాలతేలుతుంది, చివరిది తేటగా ఉండాలి. ఉండకపోతే నాలుగోసారి కడగండి. చివరి పైతేటను పారబోయకుండా 5 మి.లీ. దాచండి, బ్యాక్టీరియా పరీక్షలో అదే మంచి సాక్షి.

ముద్దను 25 మి.లీ. నీళ్లలో కలిపి అలాగే ద్రవంగా దాచుకోండి. ఒకసారి ఎండబెట్టిన పొడి నీళ్లలో తిరిగి విడిపోదు, ఎంత సోనికేట్ చేసినా ముద్దలే. ఎక్స్‌ఆర్‌డీ, ఎఫ్‌టీఐఆర్‌ల కోసం మాత్రం కొంత భాగం 50 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. గాఢత తెలియడానికి 2 మి.లీ.ను ముందే తూచిన చిన్న గ్లాసు సీసాలో ఆరబెట్టి తూచండి. ఇందులో వెండితో పాటు పై పూత బరువూ కలిసి ఉంటుంది. ఉత్త వెండి ఎంతో కావాలంటే ఐసీపీ (మూలకాల మోతాదు కొలిచే) పరీక్షకు పంపక తప్పదు, కుదిరితే పంపండి.

గుర్తింపు పరీక్షలు, క్లుప్తంగా

ఎక్స్‌ఆర్‌డీలో టూ-తీటా కోణం 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర శిఖరాలు లోహ వెండివి. 27.8, 32.2, 46.2 దగ్గర కూడా ఉంటే అది సిల్వర్ క్లోరైడ్. వాటిని ఆకు స్ఫటికాలని రాసి తప్పించుకోవద్దు. ఎఫ్‌టీఐఆర్‌లో ఉత్త కషాయం పొడి, కడిగిన కణాల పొడి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క శిఖరాన్ని చూపించి ఫలానా ఫ్లేవనాయిడ్ అంటుకుందని చెప్పడం కుదరదు. డీఎల్‌ఎస్ (కాంతి చెదిరే తీరుతో కొలిచేది) ఇచ్చే పరిమాణం టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అది పూతను, చుట్టూ పట్టుకున్న నీటి పొరను కూడా కలిపి కొలుస్తుంది.

డీపీపీహెచ్

3.94 మి.గ్రా. డీపీపీహెచ్‌ను 100 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే 0.1 మిల్లీమోలార్. ఆ రోజు చేసింది ఆ రోజే వాడాలి. 3 మి.లీ. డీపీపీహెచ్, 1 మి.లీ. శాంపిల్ కలిపి, చీకట్లో 30 నిమిషాలు ఉంచి 517 నానోమీటర్ల దగ్గర చదవండి. శాంపిల్ బదులు నీళ్లు పోసిన కంట్రోల్ 0.8 చుట్టుపక్కల ఉంటుంది. నీళ్ల వాటా సగం దాటనివ్వకండి, డీపీపీహెచ్ నీళ్లలో కరగక మసకవుతుంది.

చిక్కల్లా వెండి కణాల రంగుతో. అవి 517 దగ్గర కూడా కాంతిని పీల్చుకుంటాయి. కాబట్టి ప్రతి గాఢతకూ శాంపిల్ బ్లాంక్ ఉండాలి: 3 మి.లీ. ఉత్త మిథనాల్, 1 మి.లీ. శాంపిల్. ఉదాహరణకు కంట్రోల్ 0.850, శాంపిల్ 0.520, శాంపిల్ బ్లాంక్ 0.140 అనుకుందాం. బ్లాంక్ తీసేయకపోతే నిరోధం 38.8 శాతం. తీసేస్తే 0.520 లోంచి 0.140 పోగా 0.380, నిరోధం 55.3 శాతం. ఒకే గొట్టం, రెండు వేర్వేరు ఫలితాలు. మిథనాల్‌లో కణాలు గుంపు కట్టి మసకైతే, చదివే ముందు తిప్పి పైతేటను చదవండి, బ్లాంక్‌ను కూడా అలాగే.

ఆస్కార్బిక్ ఆమ్లం స్టాండర్డ్‌ను 1 నుంచి 10 మైక్రోగ్రాములు/మి.లీ. తుది గాఢతల్లో పెట్టండి. ఒక ఆస్కార్బిక్ ఆమ్లం అణువు రెండు డీపీపీహెచ్ అణువులను తటస్థం చేస్తుంది. పైన చెప్పిన కొలతల్లో తుది డీపీపీహెచ్ 75 మైక్రోమోలార్ కాబట్టి, ఐసీ50 (సగం నిరోధం ఇచ్చే గాఢత) దాదాపు 3 నుంచి 4 మైక్రోగ్రాములు/మి.లీ. రావాలి. మీకు 40 వచ్చిందంటే తప్పు కణాలది కాదు, పాతబడ్డ విటమిన్-సి ద్రావణమో, తూకమో చూసుకోండి.

నానోకణాల పక్కన ఉత్త కషాయం కూడా అదే బరువులో నడపాలి. చాలాసార్లు కషాయానిదే పైచేయి అవుతుంది, అందులో ఆశ్చర్యం లేదు: కణాల బరువులో చాలా భాగం వెండి, రాడికల్స్‌ను పట్టేది మాత్రం పై పూత. ఫోలిన్-సియోకాల్ట్ పద్ధతిలో 765 నానోమీటర్ల దగ్గర గాలిక్ ఆమ్లంతో పోల్చి రెండింటి ఫినాల్స్ కొలిచి, సమాన ఫినాల్ మీద పోలిక చూపిస్తే అది నిజాయితీ గల గ్రాఫు.

బ్యాక్టీరియా మీద

ఎశ్చెరిషియా కోలై ఏటీసీసీ 25922, స్టఫైలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923 లాంటి గుర్తింపున్న స్ట్రెయిన్లు తీసుకోండి. ఆసుపత్రి నుంచి తెచ్చిన పేరు తెలియని ఐసోలేట్‌తో వచ్చిన ఫలితాన్ని ఎవరూ సరిచూడలేరు. బయోసేఫ్టీ క్యాబినెట్, ఆటోక్లేవ్ లేకపోతే ఈ భాగం వేరే ల్యాబులో చేయించండి.

ముల్లర్-హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే గట్టి పోషకం) లీటరుకు 38 గ్రా. 90 మి.మీ. ప్లేటుకు 25 మి.లీ. పోస్తే మందం 4 మి.మీ. వస్తుంది. పలచగా పోస్తే జోన్ పెద్దదిగా, మందంగా పోస్తే చిన్నదిగా కనిపిస్తుంది. కల్చర్ మసకను 0.5 మెక్‌ఫర్లాండ్ ప్రమాణానికి సరిచేసి (625 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ 0.08 నుంచి 0.13), 15 నిమిషాల్లోపు స్వాబ్ చేయాలి. 6 మి.మీ. బోరర్‌తో బావులు తీసి, అడుగున ఒక చుక్క కరిగిన అగార్ వేసి మూయండి, లేకపోతే ద్రవం ప్లేటు అడుగుకు పాకుతుంది. ఒక్కో బావిలో 50 మైక్రోలీటర్లు. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు.

బావుల్లో ఉండాల్సినవి: కడిగిన కణాలు, చివరి కడుగు పైతేట, కషాయం, కణాల్లోని వెండికి సమానమైన సిల్వర్ నైట్రేట్, ఉత్త నీళ్లు. వీటితో పాటు జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల డిస్క్. ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ అంటే 108 మైక్రోగ్రాములు/మి.లీ. వెండి, దీన్ని పట్టుకుని లెక్క వేసుకోండి. కడుగు పైతేట చుట్టూ జోన్ వస్తే కడగడం పూర్తి కాలేదు, వెనక్కి వెళ్లండి.

అగార్ పరీక్షను తుది మాటగా తీసుకోకండి. నానోకణాలు అగార్‌లో సరిగా పాకవు, అయాన్లు వాటికంటే సులువుగా పాకుతాయి. చిన్న జోన్ అంటే బలం తక్కువని కాదు. అందుకే 96 బావుల ప్లేటులో ఎంఐసీ చేయాలి. ముల్లర్-హింటన్ బ్రాత్‌లో (అగార్ లేని ద్రవ పోషకం) కణాలను రెండింతల చొప్పున పలుచన చేస్తూ 100 మైక్రోలీటర్లు, దానిపై మిల్లీలీటరుకు పది లక్షల బ్యాక్టీరియా ఉన్న కల్చర్ 100 మైక్రోలీటర్లు, అంటే తుది సంఖ్య 5 లక్షలు. కల్చర్ కోసం 0.5 మెక్‌ఫర్లాండ్‌ను 150 రెట్లు పలుచన చేస్తే సరిపోతుంది.

గోధుమ రంగు ద్రవంలో మసక కంటికి ఆనదు. 18 గంటల తర్వాత 0.015 శాతం రిసాజురిన్ అనే నీలి రంగు 30 మైక్రోలీటర్లు వేసి ఒకటి రెండు గంటలు ఆగండి: నీలం ఉంటే ఎదుగుదల లేదు, గులాబీ అయితే ఉంది. అయితే కషాయంలోని క్షయకారకాలు బ్యాక్టీరియా లేకుండానే రిసాజురిన్‌ను గులాబీ చేయగలవు. కల్చర్ లేని బావుల వరుస ఒకటి తప్పక పెట్టండి. నీలంగా ఉన్న ప్రతి బావి నుంచి 10 మైక్రోలీటర్లు తీసి అగార్ మీద చుక్కపెడితే ఎంబీసీ (బ్యాక్టీరియాను చంపే కనిష్ఠ గాఢత) కూడా తెలుస్తుంది. రిసాజురిన్ వేయకముందే చుక్కపెట్టడం ఇంకా మంచిది.

ఇంకొకటి: బ్రాత్‌లో ఉప్పు, ప్రోటీన్ ముక్కలు ఉంటాయి. ఉప్పు వల్ల కణాలు గుంపు కట్టొచ్చు. బ్యాక్టీరియా లేని బ్రాత్‌లో కణాలు కలిపి గంట ఆగి చూడండి. పసుపు గోధుమ రంగు పోయి బూడిదగా మారితే, మీరు కొలుస్తున్నది నానోకణాల బలం కాదు, వాటి గుంపులది.

కషాయం, కణాలు కలిస్తే బలం పెరుగుతుందని చెప్పాలంటే 96 బావుల ప్లేటులో చెకర్‌బోర్డ్ పరీక్ష చేయాలి: ఒక వైపు కషాయం, ఇంకో వైపు కడిగిన కణాలు, రెండూ గాఢతలు మారుస్తూ. ఒక్కొక్కదానికి కలయికలోని ఎంఐసీని విడిగా ఉన్న ఎంఐసీతో భాగించి, రెండూ కూడితే వచ్చేది ఎఫ్‌ఐసీ సూచిక. 0.5 లేదా అంతకు తక్కువ ఉంటేనే సినర్జీ అనాలి, 4 దాటితే ఒకదాన్నొకటి అడ్డుకుంటున్నట్టు. మధ్యలో వచ్చిన 0.8 లాంటి అంకెకు సినర్జీ అని పేరు పెట్టడం రిపోర్టుల్లో మామూలైపోయింది, మీరు చేయకండి.

ఒకే సీసాలోంచి మూడు ప్లేట్లు పెడితే అవి మూడు ప్రయోగాలు కావు. వేర్వేరుగా కలిపిన మూడు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కు మూడు ప్లేట్లు.

వ్యర్థాలు

వెండి తగిలిన ప్రతి పైతేటనూ వేరే సీసాలో పట్టి, ఉప్పు వేసి సిల్వర్ క్లోరైడ్‌గా దించి, ఆ మట్టును ప్రమాదకర వ్యర్థాల కింద ఇవ్వండి. ఆ సీసాలో అమ్మోనియా మాత్రం ఎన్నడూ పోయకండి. అమ్మోనియా కలిసిన వెండి ద్రావణం నిలవ ఉంటే పేలే పదార్థం తయారవుతుంది. బ్యాక్టీరియా ప్లేట్లు, టిప్‌లు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ అయ్యాకే చెత్తబుట్టకు వెళ్లాలి.